నలుగురం ఎక్కిన పడవ

భీమిలి సముద్రం ఒడ్డున మాదొక నాటకాల బడి. చదివేది నలుగురమే అయినా, నాలుగు దేశాల తెలివి అక్కడే పోగుపడిందని మా నమ్మకం. కెన్యా నుంచి ఒటియెనో, తాటిచెట్టంత మనిషి. జపాన్ నుంచి హరుమి, నిలబడితే అతని మోచేతి దాకా వస్తుంది. పోలండ్ నుంచి బార్తెక్, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పనిముట్టు ఉంటుంది. చోడవరం నుంచి నేను, పైడితల్లిని. వాళ్ళకి తెలుగు నేర్పింది నేనే, అందుకని ముగ్గురూ అచ్చం మా అమ్మమ్మలా మాట్లాడేవారు. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు మాలాగా ఇంకెక్కడా ఉండరని ఒకరికొకరం చెప్పుకుని మురిసిపోయేవాళ్ళం.

ఒకరోజు మా సన్యాసిరావు మాస్టారు అందరినీ కూర్చోబెట్టారు.

"చూడండర్రా, ఇంకో పది రోజుల్లో విమలాదేవిగారని ఒకావిడ పరీక్ష చెయ్యడానికి వస్తారు. మీరే ఒక నాటకం రాసుకుని ఆడాలి. ఆవిడకి నచ్చితే బడికి గుర్తింపు కాగితం ఇస్తారు. నచ్చకపోతే బడికి తాళమే."

ఆ బడంటే మాకు ప్రాణం. పైగా మమ్మల్ని భరించే మాస్టారు ఇంకొకాయన భూమ్మీద దొరకడని మాకూ లోలోపల తెలుసు.

వారంలో నాటకం రాసేశాం. తుఫానులో ఒక పడవ, నాలుగు దేశాల వాళ్ళు నలుగురు అందులో. పడవకి చిల్లు పడుతుంది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఒడ్డుకి చేరతారు. మాస్టారు చదివి, "బాగుంది. కానీ పూర్తిగా మీ సొంతం కావాలి. ఇంకొకరిది ఒక్కటి కూడా ఉండకూడదు" అన్నారు.

అంతే. టీకొట్టు అప్పన్న ఇచ్చిన బల్లలు తిరిగిచ్చేశాం. దర్జీ కుట్టిన బట్టలు దర్జీకే ఇచ్చేశాం. బార్తెక్ తన చొక్కా తనే కుట్టుకున్నాడు, అదీ ఒంటిమీద ఉండగానే. చూస్తే కుడిచెయ్యి నడుముతో కలిసిపోయింది. "పోన్లే, తెడ్డెయ్యడానికి ఒక సెయ్యి సాలు" అన్నాడు. అప్పుడు హరుమి కాగితాలు తిప్పుతూ ఆగిపోయింది.

"పైడీ, ఈ 'రా' అన్న మాట మనకంటే ముందు ఎవులైనా అన్నారా?"

"మా ఊళ్ళో రోజూ అంటారు."

"అయితే అదీ మన సొంతం కాదు."

ఇంకేముంది. ఇదివరకు ఎవరో ఒకరు అన్న మాటలన్నీ కొట్టేశాం. తెల్లారేసరికి నలభై పేజీల నాటకంలో ఒటియెనో దగ్గు ఒక్కటే మిగిలింది. అదైనా వాళ్ళ నాన్న దగ్గులా ఉంటుందని అతనికి అనుమానం.

మాస్టారు ఆ దగ్గు విన్నారు. తర్వాతేముందోనని కాసేపు చూశారు. ఏమీ లేదని తెలిసి, "మాటలు పెట్టుకోండి నాయనా, ఎవరివైనా పర్లేదు" అన్నారు. కళ్ళజోడు తుడుచుకుని, "అసలు సంగతి అది కాదు. దీన్లో హీరో ఎవడూ లేడు. నలుగురూ సమానం. ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అన్నట్టు కనబడకూడదు" అన్నారు.

ఆ రాత్రి మాకు సిగ్గేసింది. నిజమే, ఒటియెనో అందరికంటే ఎక్కువగా కనబడుతున్నాడు. మర్నాడు టేపు తెచ్చి కొలిచాం. హరుమిని సాగదీయడం కుదరలేదు. అందుకని స్టేజీ చెక్కలు కోసి ఒటియెనో నిలబడడానికి నడుం లోతు గొయ్యి తవ్వాం. బార్తెక్‌కి మోకాలి లోతు, నాకు చీలమండ లోతు. నాలుగు తలలూ ఒక వరసలోకి వచ్చాయి. మాటల్లో కూడా ఎక్కువతక్కువలు ఉండకూడదని ఒక్కొక్కరం ఒక్కో మాట పంచుకున్నాం. "తుఫాను" అని నేను, "వస్తోంది" అని హరుమి, "గట్టిగా" అని బార్తెక్, "పట్టుకోండి" అని ఒటియెనో.

గోతులు చూసి మాస్టారు నేల మీద చతికిలబడ్డారు. పరీక్ష ఆ సాయంత్రమే, పూడ్చే వ్యవధి లేదు. నీరసంగా, "ఒక్కటి గుర్తుంచుకోండి. చూసేవాళ్ళు కూడా నాటకంలో భాగమే. వాళ్ళని కింద కూర్చున్న పరాయివాళ్ళు అనుకోకండి" అని దీపాల దగ్గరికి వెళ్ళిపోయారు.

అయిదింటికి నలభైమంది వచ్చారు. జాలర్లు, అప్పన్న, చుట్టుపక్కల ఆడవాళ్ళు, ముందు వరసలో కలం పట్టుకుని విమలాదేవిగారు. మాస్టారి మాట మాకు గుర్తుంది. "పడవెక్కండి" అంటూ చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరినీ స్టేజీ ఎక్కించేశాం. ఆవిడని ముందుగా ఎక్కించాం. అప్పుడు ఒటియెనోకి సందేహం వచ్చింది.

"మరి సూసేవోళ్ళు ఎవులు?"

చూస్తే కుర్చీలన్నీ ఖాళీ. చూసేవాళ్ళు లేకుండా నాటకం ఎలా ఆడతాం? నలుగురం దిగి వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాం.

నలభైమంది బరువుకి చెక్కలు కిర్రుమన్నాయి. విమలాదేవిగారు ఒక అడుగు వెనక్కి వేసి ఒటియెనో గోతిలో నడుం దాకా దిగిపోయారు. "అమ్మగోరు పడిపోనారు, గట్టిగా పట్టుకోండి" అన్నాడు అప్పన్న. జాలర్లు వల లాగినట్టు వరసగా నిలబడి ఆవిడని లాగారు. "వదలకండి, నా చెయ్యి వదలకండి" అంటున్నారు ఆవిడ. హరుమి వెక్కి వెక్కి ఏడ్చింది.

"పైడీ, అవి మన మాటలే. మనకంటే బాగా అంటన్నారు."

ఆవిడ పైకి వచ్చేసరికి మేం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. బార్తెక్ ఒంటిచేత్తో తొడ మీద కొట్టాడు.

విమలాదేవిగారు ఒక చెప్పుతో స్టేజీ చివరికి వచ్చారు. "ఇదంతా మీకు ఎవరు నేర్పారు?"

"మాస్టారేనండి. ఆయన చెప్పింది ఒక్కటీ వదల్లేదు" అన్నాను.

దీపాల వెనక మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఆవిడ ఆయన్ని చూశారు, మమ్మల్ని చూశారు, గోతిని చూశారు. ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టి స్తంభం పట్టుకుని మరీ నవ్వారు. "ముప్పై ఏళ్ళుగా నాటకాలు చూస్తున్నాను. నన్ను పడవ ఎక్కించి ఒడ్డుకి లాగినవాళ్ళు మీరే" అని అక్కడికక్కడే గుర్తింపు కాగితం రాసి సంతకం పెట్టారు. "ఇది ఒకరిది కాదు. మీ నలుగురిదీ" అని నా చేతికిచ్చారు.

నాకు ఏడుపు ఆగలేదు. మాస్టారు గోడవైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆవిడని బస్సెక్కించి వచ్చి, "కాగితం భద్రమేనా?" అని అడిగారు. చాలా భద్రమన్నాం. అప్పటికే బార్తెక్ స్కేలు పెట్టి కొలిచి దాన్ని నాలుగు సమాన ముక్కలు చేశాడు. మర్నాడు సెలవులిచ్చారు, ఎవరి ముక్క వాళ్ళం పెట్టెలో పెట్టుకుని ఇళ్ళకి వెళ్ళిపోయాం.

నెల తిరక్కుండా మాస్టారి దగ్గర్నుంచి ఉత్తరం. బడులకి గుర్తింపిచ్చే ఆఫీసు వాళ్ళు కాగితం చూపించమంటున్నారట. 'మీకు దణ్ణం పెడతాను, నాలుగు ముక్కలూ ఒకచోటికి చేర్చండి' అని రాశారు. ఫోన్లు చేసుకున్నాం. ఎవరి చోటికి? ఒకరికి చేరిస్తే వాళ్ళు ఎక్కువైపోరూ? అందుకని నాది హరుమికి పంపాను, హరుమి తనది బార్తెక్‌కి, బార్తెక్ ఒటియెనోకి, ఒటియెనో నాకు. ఒక్క ముక్క కూడా దారిలో పోలేదు.

ఒటియెనో ముక్క పట్టుకెళ్ళి మాస్టారికి చూపించాను. ఆయన దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. సోమవారం ఆఫీసు వాళ్ళు తాళంతో వస్తారని మాత్రం చెప్పారు. దిగులు పడకండి మాస్టారూ అని ధైర్యం చెప్పి వచ్చి, ముగ్గురికీ ఫోన్ చేశాను. ఈసారి అందరం ఇంకొక్క ఇల్లు ముందుకి జరుపుతున్నాం. ఇలా జరుపుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు నాలుగూ ఒకచోట కలవకపోవు.