అడిగితేనే పలికే రాజకుమారి

అనగా అనగా రత్నగిరిని ఏలే ఒక రాజు. ఆ రాజుకు ఒక్కగానొక్క కూతురు, పేరు హేలావతి. ఒట్టి వాగుడుకాయ. నిద్రలో కూడా కబుర్లు చెబుతుందని దాదులు నవ్వుకునేవారు. అలాంటి పిల్లను కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల కోటలో పెట్టి, మంత్రంతో నోరు కట్టేశాడు. ఎవరైనా ప్రశ్న అడిగితేనే ఆమె నోరు పెగలాలి. అడిగినదానికి నిజం చెప్పక తప్పదు, అడగనిది చెప్పడానికి వీల్లేదు. సైగ చేద్దామన్నా చెయ్యి లేవదు.

వాడి ప్రాణం చిలుకలో ఉంది. మాంత్రికుల ప్రాణాలు ఇంకెక్కడుంటాయి కనక! కానీ వీడు గడుసువాడు. ఏడు పంజరాల్లో ఏడు చిలుకలను వేలాడదీశాడు. ప్రాణం ఒక్కదానిలోనే. తప్పు చిలుకను ముట్టుకున్నవాడు నిలుచున్నచోటే శిల. ఏది అసలు చిలుకో హేలావతికి తెలుసు, రోజూ మేత వేసేది ఆమే. ఆమె చేతికి మాత్రం పంజరం తలుపు తెరుచుకోదు.

కుంభపురి రాకుమారులు ముగ్గురు ఆమెను విడిపించడానికి బయల్దేరారు. ఒక గండభేరుండ పక్షి వాళ్ళమీద జాలిపడి, ఒక్కొక్కరినే వీపున మోసుకొచ్చి కోటలో దింపింది.

పెద్దవాడు వీరధవళుడు, కండలవాడు. వస్తూనే కత్తి దూసి, భయపడకు సుందరీ, నేనొచ్చాను అన్నాడు. హేలావతి కళ్ళతోనే బతిమాలింది. అడుగు నాయనా, ఒక్క మాట అడుగు. అతను తన యుద్ధాల గొప్పలు చెప్పి చెప్పి, అన్నిటికన్నా పెద్ద చిలుకను పట్టుకుని శిలైపోయాడు.

రెండోవాడు రూపసేనుడు, చూడచక్కనివాడు. ఆ సంగతి అతనికీ బాగా తెలుసు. తన అందం చూసే పిల్ల మూగబోయిందనుకున్నాడు. ఆమె కళ్ళమీద పద్యం చెప్పాడు గానీ, ఆ కళ్ళు ఏం చెబుతున్నాయో చూడలేదు. అందమైన చిలుకను ముద్దుగా పట్టుకున్నాడు. అతనూ శిలే. ఆ రోజు హేలావతి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇక ఏ రాకుమారుడూ రాకపోతే బాగుండుననుకుంది.

వచ్చాడు. మూడోవాడు మణిధరుడు. అందగాడూ కాదు, బలశాలీ కాదు. ఏ పని చెప్పినా పది యక్షప్రశ్నలు వేస్తాడని ఇంటిల్లిపాదికీ అతనంటే విసుగు. అన్నల శిలలను చూసి బెదిరిపోయాడు. ఏం మాట్లాడాలో తోచక, అన్నం తిన్నావా అని అడిగాడు.

తిన్నానంది హేలావతి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. దెబ్బలేమైనా తగిలాయా అన్నాడు. లేదంది. ప్రశ్నలు మంచివే, కానీ పొద్దు నడినెత్తికి వస్తోంది, కరాళుడు వచ్చే వేళవుతోంది. వాడెప్పుడొస్తాడని అడిగాడు. ఇప్పుడేనంది.

మెట్లమీద పాంకోళ్ళ చప్పుడు వినపడింది. “హేలా, లోపల ఎవరున్నారే?” అన్నాడు కరాళుడు కిందినుంచే.

హేలావతి పళ్ళు బిగించింది. పెదవి కొరికింది. లాభం లేకపోయింది. “రాకుమారుడు,” అంది నోరు. పాంకోళ్ళు పరుగందుకున్నాయి.

మణిధరుడు పారిపోలేదు, కత్తీ దూయలేదు. ఆమెవైపు తిరిగాడు. “ఇన్నాళ్ళూ ఇక్కడున్నదానివి నువ్వు. నన్నేం చేయమంటావు?”

ఆ మాట కోసమే ఆమె మూడేళ్ళు కాచుకుంది. “ఆ మూలనున్న చిలుక జామపండు చీలుస్తుంది గానీ మింగదు. ప్రాణానికి ఆకలుండదు. దాని మెడ విరువు.”

ఎందుకని మళ్ళీ అడగలేదు, అదే అదృష్టం. తలుపు బద్దలైంది. కరాళుడి చెయ్యి మణిధరుడి జుట్టు అందుకుంది. అప్పటికే చిలుక మెడ విరిగింది. మాంత్రికుడు మొదలు నరికిన చెట్టులా కూలాడు. శిలలు మళ్ళీ మనుషులయ్యాయి.

గెలిచావుగా, పిల్లను తీసుకుని పద అన్నారు అన్నలు. మణిధరుడు కదలలేదు. “నన్ను పెళ్ళాడతావా?” అని ఆమెనే అడిగాడు.

హేలావతి ఆగింది. జవాబు దానంతటది తన్నుకుని రాలేదు. చెప్పొచ్చు, మానొచ్చు. ఆ సంగతి తెలిసి ఆమె కళ్ళు చెమర్చాయి.

“ఆలోచించుకుని రేపు చెబుతాను,” అంది.

సరేనన్నాడు మణిధరుడు. ఆ రోజంతా మరో ప్రశ్న వేయకుండా కూర్చున్నాడు. అతనికి అదెంత కష్టమో మీకు వేరే చెప్పాలా!

మర్నాడు ఆమె ఔనంది. రత్నగిరి చేరాక పదహారు రోజులు పెళ్ళి చేశారు. ఇద్దరూ తల నెరిసేదాకా రాజ్యమేలారు. అతను అడుగుతూనే ఉన్నాడు. ఆమె మనసైనప్పుడు చెప్పింది, మనసు కానప్పుడు హాయిగా ఊరుకుంది.