గండి కొట్టిన రోజు

దిగువపల్లె కుర్రాళ్లకు తమ ఊరికంటూ ఒక పండగ కావాలనిపించింది. ఏ రోజు చేసుకోవాలా అని చావడి దగ్గర గొంతులు పోయేదాకా వాదించుకున్నారు. చివరికి దస్తగిరి చెప్పిన రోజుకు అందరూ ఈలలు వేశారు. పెద్దవాళ్లు మాత్రం ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

"మీ గురువును అడుగుపో. ఆయన వస్తానంటే మేమూ వస్తాం" అన్నారు.

జమాల్ బాబా ఏటి ఒడ్డున గుడిసెలో ఉండే ముసలి ఫకీరు. దస్తగిరి చిన్నప్పటినుంచీ ఆయన శిష్యుడే. ఒక్క పరుగున వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబా! మన పండక్కి రోజు దొరికింది!"

"కూర్చుని చెప్పు నాయనా. ఏ రోజు?"

దస్తగిరి కూర్చోలేదు. కూర్చుని చెప్పే సంగతి కాదది.

వాళ్ల తాతల కాలంలో ఎగువపల్లె దొర రాళ్లేటికి అడ్డంగా ఆనకట్ట వేసి, చుక్క నీరు కిందికి వదల్లేదు. దిగువన పైర్లు మాడిపోయాయి. గొడ్లు నాలుకలు వెళ్లబెట్టి చచ్చాయి. ఒకనాటి పొద్దున దస్తగిరి తాత కుళ్ళాయప్ప గడ్డపార భుజాన వేసుకుని ఇల్లు కదిలాడు. ఊరు ఊరంతా ఆయన వెంట నడిచింది.

"పైనుంచి ఈటెలు పడినాయంట బాబా! ఒకటి భుజంలో దిగినా తాత గడ్డపార వదల్లేదంట. రాయి కదిలిందంట. గండి పడిందంట. నీళ్లు ఏనుగుల మంద మాదిరి దూకినాయంట! మనోళ్లు ఆ నీళ్లలో నిలబడి ఏడుస్తా నవ్వినారంట!"

బాబా కళ్లు మెరిశాయి.

"అంట ఏమిటికిరా? నేను చూసినా. మా నాయన భుజాలెక్కి చూసినా. మీ తాత పులి."

"అయితే వస్తారా?"

"రాకుండా ఎట్లా? ముందు నేనే నడుస్తా."

పండగ నాడు దిగువపల్లె హోరెత్తింది. తప్పెట్లు, కొమ్ములు, కేకలు. కుళ్ళాయప్ప గడ్డపారకు బంతిపూలు చుట్టి పల్లకీలో పెట్టారు. ముసలి బాబా అన్న మాట ప్రకారం అందరికంటే ముందున్నాడు. తప్పెట దెబ్బకు ఆయన కాళ్లు కూడా ఆగలేదు. అది చూసి కుర్రాళ్లకు పూనకమే వచ్చింది.

ఊరేగింపు ఆనకట్ట చేరేసరికి అవతలి కొసన ఎగువపల్లె కుర్రాళ్లు కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. దొర ఎప్పుడో పోయాడు. ఇప్పుడు ఆనకట్టకు రెండు తూములు, ఎగువకొకటి, దిగువకొకటి. అయినా తమ ఓటమిని వాద్యాలతో ఊరేగిస్తుంటే ఎవరు ఊరుకుంటారు? ముందు బాబా ఉన్నాడు కాబట్టి కర్ర లేవలేదు, అంతే.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఏరు ఆనకట్ట అంచు తాకుతోంది.

బాబా కట్టమీదికెక్కి చెయ్యెత్తాడు. తప్పెట్లు ఆగాయి. పల్లకీలోంచి గడ్డపార తీసి, పూలు విప్పి, దస్తగిరి చేతికిచ్చాడు.

"మీ తాత చేసింది చెయ్యి."

జనం ఒక్కపెట్టున కేక పెట్టారు. దస్తగిరి నవ్వుతూ గడ్డపార మొన రాయికి తాకించాడు.

"మీ తాత తాకించి ఊరుకున్నాడా? పెకలించు."

"నిజంగానా బాబా?"

"పండగ అన్నావు కదా. ఆ రోజు మళ్లీ రావాలనే కదా పండగ చేసేది?"

వెనకనుంచి ఎవరో తప్పెట మీద దరువేశారు. "కొట్టరా దస్తగిరీ!" అన్నారు ఇంకెవరో. ఎగువపల్లె వాళ్లు ఒక అడుగు ముందుకేశారు. దస్తగిరి ఒంట్లో రక్తం ఉరకలెత్తింది. గడ్డపారను రాళ్ల సందులో దించి, బరువంతా మోపాడు.

రాయి కదిలింది. వేలంత ధార చివ్వున ఎగజిమ్మింది.

"ఒరే దస్తగిరీ! కింద నా నారుంది రా! నిన్ననే నాటినా!" అని జనంలోంచి అరిచింది ఓబులమ్మ.

ఒకరిద్దరు నవ్వారు. తరవాత ఎవరూ నవ్వలేదు.

దస్తగిరి తల తిప్పి చూశాడు. కట్ట కింద మొదలై ఊరిదాకా ఒకటే పచ్చదనం. చప్పున గడ్డపార లాగేశాడు. దాంతో ధార ఇంకా లావైంది. గడ్డపార పడేసి రెండు అరచేతులూ అడ్డం పెట్టాడు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి ముఖాన కొట్టాయి.

"మట్టి! మట్టి తెండి!"

మొదట దూకినవాడు ఎగువపల్లె కుర్రాడు. చేతిలోని కర్ర పారేసి, ఇంత బంకమన్ను తెచ్చి దస్తగిరి చేతుల మధ్య కూరాడు. ఇంకొకడు రాయి దొర్లించాడు. ఆ తరవాత ఎవరు ఏ ఊరివాళ్లో తెలియలేదు. అందరూ అరిచారు, అందరూ తడిశారు, అందరూ తొక్కారు. చివరికి ధార సన్నబడి, చెమ్మై, ఆగిపోయింది.

దస్తగిరి బురదలోనే కూలబడ్డాడు. కాసేపటికి తలెత్తాడు.

"బాబా, మా తాత గండి కొట్టినాక మళ్లీ కట్టిందెవరు?"

"మీ తాతే. ఈ ఎగువపల్లె వాళ్ల తాతలూ. గండి కొట్టిన చేతులే, ఈటెలు వేసిన చేతులే."

"అది ఏ రోజు?"

బాబా అతని నుదుటిమీది బురద బొటనవేలితో తుడిచాడు.

"ఒక్క రోజులో అయ్యింది కాదు నాయనా. అందుకే ఎవరికీ పండగ చెయ్యాలని తోచలేదు."