ఆకులు మారిన సంకటి ముద్ద

ఆ ద్వాదశి పొద్దున ఆశ్రమం వసారాలో శిష్యుడు ఓబుళేసు ముందు ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. నల్లటి తెర మీద రెండే రెండు వరుసలు. పైన లినక్స్, కింద విండోస్. యంత్రాన్ని దేనితో నడపాలో ఒకటి నొక్కమని అడుగుతోంది.

ఓబుళేసు నొక్కడు. పోనీలే అని కాసేపు ఊరుకుంటే ఆ యంత్రమే తనంతట తాను ఒకదాన్ని ఎంచుకుంటుంది. దాన్నీ ఎంచుకోనివ్వడు. బాణం మీట నొక్కి పై వరుసకు పోతాడు, కిందికి దిగుతాడు, మళ్ళీ పైకి పోతాడు. కోడి కూసినప్పుడు కూర్చున్నవాడు, ఆ కోడి ముసలిదైపోయిందా అన్నంతసేపు అట్లాగే కూర్చున్నాడు.

నవ్వకండి. ఆ ఊగిసలాటలో పోతున్నవి తిక్కయ్య సామి తత్వాలు.

తిక్కయ్య సామి అంటే ఎవరనుకున్నారు? మగ్గం వదిలేసి పెన్న ఒడ్డున గుట్టెక్కిన మనిషి. తంబూరా మీటి తత్వం ఎత్తుకున్నాడంటే, లోయలో ప్రతిధ్వని తిరిగి పలకడం మానేసి నోరు మూసుకుని వినేది. పెన్న ఆ గుట్ట దగ్గర అంత వంకర ఎందుకు తిరిగింది? వెనక్కి వచ్చి రెండో చరణం వినిపోదామని. నమ్మనివాళ్ళు పోయి చూసుకోవచ్చు, వంకర ఇప్పటికీ ఉంది.

అంతటి సామికి ఒక పట్టింపు. ఒకసారి పాడింది మళ్ళీ పాడడు. ఎవరైనా బతిమాలితే, "నిన్నటి ఆకలికి ఈ పొద్దు తింటావా?" అని నవ్వేవాడు.

పాత శిష్యులు కాగితాల మీద రాసుకున్నవాటిని చెదలు తిన్నాయి. తత్వాలు తిని తిని వైరాగ్యం పుట్టి, ఆ చెదలు పక్కనున్న కొయ్యపెట్టెను ముట్టకుండా గుట్ట దిగి పోయినాయి. ఇందులో రవ్వంత కల్పన లేదు.

అందుకని పోయిన గురుపున్నమికి భక్తులంతా కలిసి ఒక ల్యాప్‌టాప్ కొనిచ్చారు. వచ్చే గురుపున్నమికి సామి తత్వాలన్నీ పుస్తకం చేసి పాదాల దగ్గర పెడతానని ఓబుళేసు అందరి ముందూ కొబ్బరికాయ కొట్టి ఒప్పుకున్నాడు.

ఒప్పుకోదగినవాడే. అతను టైపు కొడుతుంటే గుట్ట కింద ఊళ్ళో ఆడవాళ్ళు వడగళ్ళవాన వస్తోందనుకుని ఎండలో పెట్టిన వడియాలు ఎత్తుకుని లోపలికి పరుగెత్తేవాళ్ళు.

కానీ ఆ వడగళ్ళు ఈ ఏడాది పెద్దగా పడలేదు. ఎందుకంటే సామి భక్తుల్లో ఇద్దరున్నారు. జమ్మలమడుగులో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే ఇమాంవలి. ప్రొద్దుటూరులో పెళ్ళిపత్రికలు కూర్చే సంజీవి. ఇద్దరూ ఆదివారం ఆదివారం వస్తారు. సామికి దండం పెట్టి లేచేలోపల మొదలుపెడతారు.

"లినక్స్ పెట్టుకో ఓబుళేసూ," అంటాడు ఇమాంవలి. "ఒకరి చేతికింద బతకాల్సిన పని లేదు. పైసా అడిగేవాడు లేడు. ఆశ్రమానికి తగినది అదే."

"ఆ మాట పోయి ప్రెస్సులో చెప్పు!" అంటాడు సంజీవి. "ప్రెస్సువాళ్ళు వాడే ఫాంట్లన్నీ విండోస్‌లో ఉన్నాయి. నీకు పుస్తకం కావల్నా, మోక్షం కావల్నా?"

వాళ్ళ వాదం వేడికి వసారా ముందున్న చింతచెట్టు కాయలు మాఘంలో పండాల్సినవి కార్తీకంలోనే పండి రాలాయి.

ఒక ఆదివారం ఇమాంవలి మాట గెలిచేది. ఓబుళేసు ఉన్నదంతా తుడిచి లినక్స్ ఎక్కించేవాడు. మరో ఆదివారం సంజీవి గెలిచేవాడు. మళ్ళీ తుడుపు. మధ్యలో బెంగుళూరు భక్తుడొకాయన వచ్చి యాపిల్ గొప్పలు చెప్పిపోతే, ఆ వారమంతా ఓబుళేసుకు కూడు సయించలేదు.

మారినప్పుడల్లా ఏదో ఒకటి పోయేది. ఒకసారి తత్వాలు వేరే చోట దాచుకోవడం మరిచిపోయాడు. ఇంకోసారి దాచాడుగానీ, ఎక్కడ దాచాడో మరిచాడు. ఇంకోసారి అక్షరాలు అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చే దారిలో ఒత్తులన్నీ రాల్చుకుని వచ్చాయి. 'చిత్తశుద్ధి' అని కొట్టింది 'చితశుధి' అయి కూర్చుంది. సామి ఆ తెరలోకి తొంగిచూసి, "ఇది ఏ లోకంలో మాట్లాడతారు నాయనా?" అని అడిగాడు.

ఇప్పుడు గురుపున్నమి ముంగిట్లోకి వచ్చింది. లోపల మిగిలిన తత్వాలు ఒక చేతి వేళ్ళకు మించవు. సామి గొంతు ఈ మధ్య అప్పుడప్పుడు బొంగురు పోతోంది.

చివరికి నిన్న, ఏకాదశి ఉపవాసంతో, ఓబుళేసు ఒక ఉపాయం చేశాడు. రెండింటినీ పక్కపక్కన ఎక్కించాడు. ఇక ఏ పేచీ లేదనుకుని పడుకున్నాడు. పొద్దున తెరిస్తే ఆ యంత్రం అడిగిన మొట్టమొదటి మాట: ఏది?

ల్యాప్‌టాప్‌ను అట్లాగే ఎత్తుకుని సామి ముందుకు పోయాడు.

"సామీ, నాతో కాలేదు. మీరే చెప్పండి. మీరు ఏదంటే అదే."

సామి తంబూరా తీగ బిగిస్తున్నాడు. తెర వైపు చూడలేదు. ఓబుళేసు డొక్క వైపు చూశాడు.

"నిన్నంతా పస్తేనా?"

"పస్తే సామీ. నీళ్ళు కూడా ముట్టలేదు."

"అయితే ముందు కూర్చో. నేను వడ్డిస్తా."

సామి తన చేత్తో వడ్డించడమా! ఆ వింత చూడ్డానికి గుట్టమీది కాకులు చూరు మీద పంక్తి తీరి కూర్చున్నాయి. ఆశ్రమం కుక్క బైరాగి నిద్ర మానుకుని లేచింది. అది లేవడం అప్పటిదాకా చూసినవాళ్ళు లేరు.

అరిటాకు పరిచాడు సామి. రాగిసంకటి ముద్ద పెట్టాడు. ముద్దంటే అల్లాటప్పా ముద్ద కాదు, దాని నీడలో మేక పడుకోవచ్చు. నడుమ గుంట చేసి నెయ్యి పోశాడు. పక్కన గోంగూర పప్పు. ఆ పక్కన చెనక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి. ఓబుళేసు నోట్లో ఊరిన నీళ్ళు మడికి కడితే ఒక కారు వరి పండేది.

చేయి ముద్ద మీదికి పోయింది. సామి మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగబ్బీ. అరిటాకు లేతది, చిరుగుతుంది. మోదుగ విస్తరైతే గట్టి."

"పర్వాలేదు సామీ, చిరగనీండి."

"తప్పు. తినేది మంచిదాంట్లో తినాల."

విస్తరి వచ్చింది. సంకటి అందులోకి మారింది. నెయ్యి మారలేదు. సగం పప్పు అరిటాకును అంటిపెట్టుకునే ఉండిపోయింది. సామి ఆ అరిటాకును మడిచి పక్కన పెట్టాడు. బైరాగి దానికి న్యాయం చేసింది.

సరిగ్గా అప్పుడే ఇమాంవలి, సంజీవి మెట్లెక్కి వచ్చారు. ఆదివారం మరి.

"ఏమి జరుగుతోంది సామీ?" అన్నాడు సంజీవి.

"ఓబుళేసు తినాలప్పా. ఏ ఆకులో తింటే మేలా అని చూస్తున్నా."

అంతే. నిప్పుకు నెయ్యి దొరికింది.

"విస్తరే సామీ!" అన్నాడు ఇమాంవలి చెప్పులు విడుస్తూనే. "అడవిలో ఊరికే దొరుకుతుంది. ఎవరి తోటా కాదు, ఎవరినీ అడగాల్సిన పని లేదు. చిరిగితే మనమే కుట్టుకోవచ్చు."

"కుట్టుకుంటా కూర్చో!" అన్నాడు సంజీవి. "నువ్వు పుల్ల వెతికేలోపల పంక్తి లేచిపోయి చేతులు కడుక్కుంటుంది. అరిటాకు సామీ! ఏ ఊరికి పో, ఏ పెళ్ళికి పో, అదే. ఎవరికీ నేర్పించాల్సిన పని లేదు."

"ఆ మాటా నిజమే," అన్నాడు సామి. విస్తరి లోంచి కొత్త అరిటాకులోకి మార్చాడు. ఊరుబిండి విస్తరి సందుల్లో ఇరుక్కుపోయింది.

"వేడి సంకటి పెడితే అరిటాకు కమిలిపోతుంది సామీ!" అన్నాడు ఇమాంవలి.

"అదీ నిజమే," అన్నాడు సామి. మళ్ళీ మార్చాడు.

ఓబుళేసు కళ్ళు ముద్దతోపాటు ఇటూ అటూ తిరుగుతున్నాయి. మేకకు నీడనిచ్చిన ముద్ద కోడిపిల్లకు నీడనిచ్చేంతయింది. కాకులు చూరు దిగి దగ్గరికి జరిగాయి.

"సామీ, నెయ్యి?"

"పాత ఆకులో ఉండిపోయింది నాయనా."

"ఊరుబిండి?"

"దానికీ ఈ ఆకుకూ పడలేదు."

"పప్పు కూడా లేదే!"

సామి నుదురు చిట్లించి ఆలోచించాడు. "దాచినా. ఎక్కడ దాచినానో గుర్తు రావడం లేదు."

ఓబుళేసు ఓరగా ల్యాప్‌టాప్ వైపు చూశాడు.

"ఈ రెండూ వద్దులే," అని సామి లోపలికి పోయి ఇత్తడి పళ్ళెం తెచ్చాడు. బెంగుళూరు భక్తుడు ఇచ్చిపోయింది. దాన్ని చింతపండుతో తోమడం మొదలుపెట్టాడు. తోమాడు, కడిగాడు, తుడిచాడు, మళ్ళీ తోమాడు. ఆ మెరుపు ఎదుటి గుట్ట మీద పడి, అక్కడ మేస్తున్న గొర్రెలు రెండో పొద్దు పొడిచింది, నడుమ రాత్రి నిద్రపోలేదే అని దొడ్డికి తిరిగి పోయాయి. ఈలోపల కాకులకు కడుపు నిండింది.

పళ్ళెంలో మిగిలిన సంకటి పెట్టాడు సామి. నిమ్మకాయంత. దాని చుట్టూ ఓబుళేసు మొహమే కనిపిస్తోంది.

"చూడు, ఎంత బాగుందో!"

ఓబుళేసు వేళ్ళు ముద్దను తాకాయి.

"ఒక్క నిమిషం సామీ," అన్నాడు సంజీవి. "ఇత్తడిలో పులుపు తినకూడదంటారు..."

"పప్పే లేదు గదప్పా, ఇంక పులుపెక్కడిది?" అన్నాడు ఇమాంవలి. "అయినా నన్నడిగితే..."

"ఏ ఆకైతే ఏమి!" ఓబుళేసు ఎగిరి లేచాడు. "ఏ పళ్ళెమైతే ఏమి! కూడు నోట్లోకి పోవాల గదా!"

ఏళ్ళ తరబడి నోరు మూసుకున్న లోయ ఆ కేకకు తట్టుకోలేకపోయింది. పోవాల గదా, పోవాల గదా, పోవాల గదా అని ఏడు ఊళ్ళ దాకా చెప్పుకుంటూ పోయింది.

బైరాగి తోక ఊపడం ఆపింది. ఇమాంవలి నేల చూశాడు. సంజీవి చూరు చూశాడు.

సామి చిన్నగా నవ్వాడు. పళ్ళెం లోని ముద్ద తీసి ఓబుళేసు అరచేతిలో పెట్టాడు. పోయి తంబూరా అందుకున్నాడు. గొంతు ఒకసారి సవరించుకుని, ఎవరూ ఎప్పుడూ వినని తత్వం ఒకటి ఎత్తుకున్నాడు.

ఓబుళేసు ముద్దను నోట్లో కుక్కుకున్నాడు. సంకటి చేతిని పంచెకు తుడుచుకుంటూ, రెండో చేత్తో ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. కళ్ళు సామి పెదాల మీదే ఉన్నాయి. చెయ్యి ఒక మీట నొక్కింది. యంత్రం మేలుకునేదాకా పల్లవిని పెదాల మీదే తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత కింద ఊళ్ళో ఆడవాళ్ళు వడియాలు ఎత్తుకుని లోపలికి పరుగెత్తారు.

ఇమాంవలి ఈ భుజం మీంచి తొంగిచూశాడు. సంజీవి ఆ భుజం మీంచి తొంగిచూశాడు. తెర నిండా అక్షరాలే. వాటి వెనక ఏముందో కనబడదు.

ఇద్దరూ ఒకే గొంతుతో అడిగారు: "ఏది నొక్కినావప్పా?"

"చూడలేదన్నా," అన్నాడు ఓబుళేసు, నోట్లో సంకటితోనే. "ఊరుకోండి, రెండో చరణం పోతుంది."