సూరప్పడి సాల్మన్ పాస్తా

భీమిలి తీరాన ఒక హోటల్లో సూరప్పడు అనే వంటవాడు ఉండేవాడు. చేపల పులుసులో అతనికి సాటి లేదు, కాని ఇంకొకరి వంటను ఎవరైనా మెచ్చుకుంటే అతనికి ముద్ద దిగేది కాదు.

ఆ హోటల్లోకి నూకరత్నం అనే వంటమనిషి కొత్తగా వచ్చింది. గోవాలో పనిచేసి, లావుపాటి సేమ్యాలాంటి పాస్తా వండటం నేర్చుకుంది. చలిదేశాల నుంచి మంచుపెట్టెల్లో వచ్చే గులాబీ రంగు సాల్మన్ చేపను వెన్నలో వేయించి, వెల్లుల్లి, మీగడ వేసి పాస్తాలో కలిపేది. నెల తిరక్కుండానే వచ్చినవాళ్లంతా అదే అడగసాగారు. పులుసు గిన్నె సగానికి సగం మిగిలిపోయేది. సూరప్పడికి కడుపు మండిపోయింది.

"బాబాయ్, కాస్త రుచి చూసి చెప్పు," అని ఆమె రోజూ చిన్న గిన్నెలో పెట్టి ఇచ్చేది.

"ఆ వానపాములు నాకెందుకు? పిల్లికి పెట్టు," అనేవాడు.

కాని ఆమె వండుతున్నంతసేపూ ఎక్కడ తప్పు దొరుకుతుందా అని అటే చూస్తుండేవాడు. పాస్తా ఉడికిన గంజిని ఆమె పారబోయకుండా, రెండు గరిటెలు మూకుట్లో పోయడం చూశాడు. "చూశారా పిసినారితనం! మీగడ మిగుల్చుకోడానికి గంజి పోస్తోంది," అని గిన్నెలు తోమేవాళ్లతో చెప్పి నవ్వాడు. చేపను నాలుగు నిమిషాల్లో దించేయడమూ చూశాడు. "ఒళ్లు వంగదు మహాతల్లికి," అన్నాడు.

ఒకరోజు యజమాని విశ్వనాథం ఇద్దర్నీ పిలిచాడు.

"వంటింటికి ఒక పెద్ద కావాలి. సూరప్పడూ, పాతవాడివి, నీకే ఇవ్వాలని ఉంది. కాని ఇప్పుడు మన హోటల్ నడిచేది సాల్మన్ పాస్తా మీద. ఆదివారం ఇరవై మంది వస్తున్నారు. ఆ పాస్తా నువ్వు వండు. వాళ్లు మెచ్చితే పెద్దరికం నీది, లేకపోతే రత్నానిది."

బయటికి రాగానే నూకరత్నం, "బాబాయ్, రెండు మెలకువలున్నాయి, చెప్పనా?" అంది.

"నువ్వు పుట్టకముందు నుంచి చేపలు వండుతున్నాను. నువ్వా నాకు చెప్పేది?" అన్నాడు.

ఆదివారం సూరప్పడు అన్నం వార్చినట్టు పాస్తాను వార్చి, గంజి చుక్క మిగలకుండా తూములో పోశాడు. "నేను పిసినారిని కాను," అంటూ మీగడ రెట్టింపు వేశాడు. సాల్మన్ ముక్కల్ని వంజరం చేపను వేయించినట్టు కరకరలాడేదాకా వేయించాడు. చివర నోట్లో వేసుకుని చూశాడు. బాగుందో లేదో తెలియలేదు. ఆమె వండింది ఏనాడైనా తింటే కదా తెలియడానికి!

పళ్లేలు వెళ్లినంత వేగంగా, నిండుగానే తిరిగి వచ్చాయి. మీగడ జారి అడుగున చేరింది. పాస్తా పైన పొడిపొడిగా నిలిచింది. "ముక్క కొరికితే పన్ను కదిలిందయ్యా!" అని ఒక పెద్దావిడ వంటింటి దాకా వచ్చి మరీ చెప్పింది.

విశ్వనాథం వచ్చి ఆ పళ్లేలు చూశాడు. పెద్దరికం నూకరత్నానికి ఇచ్చాడు.

ఆమె మెల్లగా అంది: "గంజి పోస్తేనే బాబాయ్, మీగడ పాస్తాను పట్టుకునేది. అది మెత్తటి చేప, ఎక్కువ వేగితే ఎండిపోతుంది. రోజూ నా పక్కనే నిలబడి చూశావు కదా!"

"చూశాను," అన్నాడు సూరప్పడు తల దించుకుని. "నువ్వెప్పుడు చెడగొడతావా అనే చూశాను."

అసూయతో చూసే కళ్లకు ఎదుటివాళ్ల నేర్పు కూడా తప్పులాగే కనిపిస్తుంది. అందుకే అసూయపరుడు ఎంతకాలం చూసినా ఏమీ నేర్చుకోలేడు.