మా పెరటి గట్టూ, అత్తయ్య గారి సన్నజాజీ

కాకినాడలో మా ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరని మాకు గట్టి నమ్మకం. ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా చేస్తాం. సొంత ఆలోచన కలిపి పాడుచెయ్యం. మాకు అదొక్కటే చేతకాదు.

మా అత్తయ్య గారు నర్సాపురంలో చెల్లెలింటికి వెళ్తూ, "నా సన్నజాజి జాగ్రత్త. మా అమ్మ ఇచ్చిన కొమ్మ అది. ఎండిందో, మీతో మాట్లాడను" అన్నారు.

ఆవిడ వచ్చేలోగా బోసిగా ఉన్న పెరట్లో తోట వేద్దామని మావయ్య గారు ప్రియంవద గారిని పిలిచారు. తోటలు డిజైన్ చెయ్యడం ఆవిడ పని. పెరడంతా చూసి చెప్పారు.

"రాళ్ళ దారీ, సిమెంటు గట్టూ గీత గీసినట్టు ఉండాలండీ. మొక్కల్ని మాత్రం వాటి ఇష్టానికి వదిలెయ్యండి, మనిషి చెయ్యి పడ్డట్టే ఉండకూడదు. ఆ తేడాలోనే ఉంది అందం. గట్టు పక్కన జాజి పెట్టండి. కూర్చున్నవాళ్ళకి లేవబుద్ధి కాదు."

అంతే. మావయ్య గారు సుద్దముక్కతో గడప నుంచి ప్రహరీ దాకా గీత గీశారు. దానికి కుళాయి అడ్డొచ్చింది. "గీత వంకర పోకూడదు కదా నాన్నా" అని మా ఆయన కుళాయి పీకేశారు. ఇంకేముంది, పెరడంతా చెరువు. పరిగెత్తి ట్యాంకు కట్టేశాం. ఇంట్లో చుక్క నీళ్ళు లేవు.

ఇక జాజి. చెయ్యి పడకూడదు కాబట్టి కాళ్ళతో గొయ్యి తవ్వాం. జాజి ఉన్న డ్రమ్ముని గొయ్యి దాకా తన్ని దొర్లించాం. మావయ్య గారు మోచేతులతో మొక్కనెత్తితే నేను మోకాళ్ళతో నిలబెట్టాను. అది పక్కకి పడిపోతే, అచ్చం అడవిలా ఉందని మురిసిపోయాం.

అత్తయ్య గారు వచ్చే రోజు పొద్దున్నే పక్కింటి నుంచి బకెట్లతో నీళ్ళు తెచ్చి, సిమెంటు కలిపి గట్టు పోశాం. ఒక బకెట్టు మిగిలింది. జాజి చూస్తే తల వేలాడేసింది.

"దీనికి పోద్దామండీ" అన్నాను.

"దాని ఇష్టం కదమ్మా, అడుగు" అన్నారు మావయ్య గారు.

అడిగాను. గాలికి అటూ ఇటూ ఊగింది.

"వద్దంటోంది" అన్నారు మా ఆయన.

ఏడుపొచ్చి ప్రియంవద గారికి ఫోన్ చేశాను. "ఎండ తగిలుంటుంది. మీ అత్తగారు వచ్చేదాకా గొడుగు పట్టి కూర్చోండి. దాని పక్క నుంచి కదలకండి" అన్నారు.

కదల్లేదు. ముగ్గురం పచ్చి గట్టు మీదే కూర్చుని, గొడుగు మార్చుకుంటూ సాయంత్రం చేశాం. నీళ్ళ బకెట్టు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది.

అత్తయ్య గారు వచ్చారు. జాజిని చూసి మొహం పాలిపోయింది. ఆ బకెట్లోంచే చెంబుతో నీళ్ళు పోశారు. ఆవిడ పక్కనే కూర్చుని ఆకులు నిమురుతుంటే, చీకటి పడే వేళకి కొస మెల్లగా లేచింది. నా ప్రాణం కూడా లేచొచ్చింది.

"ఇక లేవండి, నేనొచ్చాగా" అన్నారు.

లేవబోయాం. ఒక్కరూ ఊడి రాలేదు. గట్టు బిగిసిపోయింది, మేమూ బిగిసిపోయాం.

మావయ్య గారి మొహం వెలిగిపోయింది. "చూశావుటే, లేవబుద్ధి కాదంది ఆ తోటలావిడ. అంతకంటే బాగా కుదిరింది. కొత్త సిమెంటు తడపకపోతే పగుళ్ళిస్తుంది, కాస్త ఆ మిగిలిన నీళ్ళు మా చుట్టూ పొయ్యి."

అత్తయ్య గారైనా ఒక్క తిట్టు తిట్టి గునపం తెస్తారనుకున్నాను. కానీ ఆవిడదీ ఈ ఇల్లే కదా. చెంబు ముంచి, పొడి ఎక్కడా మిగలకుండా మమ్మల్ని శ్రద్ధగా తడిపి, "రేపు పొద్దున మళ్ళీ పోస్తాను, కదలకండి" అని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.