సన్యాసయ్య ఒప్పుకుంటేనే కొబ్బరికాయ

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికో జనపనార మిల్లు. ఆ మిల్లుకో పొగగొట్టం. ఎప్పటి మాట అని అడక్కండి, నాకూ తెలీదు. మా అమ్మకి వాళ్ళత్త చెప్పింది, నేను మీకు చెప్తున్నాను. మధ్యలో నోరెత్తకుండా వినండి.

ఆ మిల్లులో సన్యాసయ్య అని ఒక కరెంటు పనివాడు ఉండేవాడు. పొట్టి మనిషి, నెత్తిన తువ్వాలు. మిల్లుకొచ్చే కరెంటంతా ఒక ఇనప పెట్టెలోంచి వెళ్ళేది. దాన్ని బ్రేకర్ అంటారు. తీగ ఊడి ఏ యంత్రానికో తగిలిందనుకోండి, ఆ బ్రేకర్ దానంతటది ఠప్పున పడిపోవాలి. కరెంటు ఆగిపోవాలి. మనిషి బతకాలి. అంతే దాని పని. దాని మంచీచెడ్డా చూడ్డం సన్యాసయ్య పని. ఆయన పెళ్ళాం పైడమ్మ ఆ మిల్లులోనే, మర దగ్గర నార అందించేది. అందుకే ఆయనకి అంత భయం.

"కదలకుండా కూచుంటే మనకి కీళ్ళు పట్టెయ్యవా? దానికీ అంతే" అనేవాడు. "నూనె చూడాలి, కీళ్ళు తుడవాలి, మూడుసార్లు పడేసి చూడాలి."

చూడాలంటే మిల్లు ఆపాలి. మిల్లు ఆగితే మేనేజరు గుండె ఆగుతుంది. మిల్లు ఆగేది ఏడాదికి ఒక్కరోజే, ఆయుధపూజ నాడు. పోనీ ఆ రోజు చూద్దామా అంటే, ఓలమ్మో, ఆ రోజు పనిముట్టు ముట్టకూడదు! పానాలూ సుత్తులూ కడిగి, బొట్టు పెట్టి, పీట మీద పడుకోబెడతారు. ముడితే అరిష్టం. మిగతా రోజుల్లో ముట్టనివ్వరు, ఆ రోజు ముట్టకూడదంటారు. ఇంకెప్పుడు చూస్తాడు, నా తలకాయ!

మొదటి ఏడు పూజనాడు సన్యాసయ్య మేనేజరు గోపాలస్వామి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"బాబూ, ఒక్క గంట. బ్రేకర్ విప్పి చూస్తాను."

"పూజనాడు పానా పడతావా? బుద్ధుందా నీకు? వచ్చే ఏడు చూద్దాం."

రెండో ఏడు పూజనాడు మళ్ళీ వెళ్ళాడు. బ్రేకర్ కింద కారిన నూనె వేలితో తీసి చూపించాడు. నల్లగా ఉంది.

"బాబూ, ఒక్క గంట."

మేనేజరు నవ్వాడు. "రెండేళ్ళలో అది ఒక్కసారైనా పడిందా? పడలేదు. అంటే బాగున్నట్టే కదరా! వచ్చే ఏడు చూద్దాం."

ఆహా, ఏం తెలివి! కుక్క మొరగలేదంటే దొంగ రాలేదనీ అనుకోవచ్చు, కుక్క చచ్చిందనీ అనుకోవచ్చు. ఆయన మొదటిదే అనుకున్నాడు.

మూడో ఏడు సన్యాసయ్య తోటివాళ్ళని బతిమాలాడు. "మీరన్నా ఒక మాట చెప్పండర్రా." మనవాళ్ళేం తక్కువ తిన్నారా? "వద్దు మావా, పూజ చెడితే మా పిల్లలకేమన్నా అవుద్ది" అన్నారు. ఒక్కడే వెళ్ళాడు. అప్పటికే మేనేజరు బ్రేకర్ తలుపుకి వెండిరంగు వేయించాడు.

"ఎంత నిగనిగలాడుతోందో చూడు! దాన్ని విప్పుతానంటావేంట్రా? వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు రాలేదు సన్యాసయ్యకి.

పూజైన తొమ్మిదో రోజు, పట్టపగలు, వాన. కప్పు కారి మోటారు తడిసింది. కరెంటు మరలోకి దిగింది. ముగ్గురు ఆడవాళ్ళు దానికి అతుక్కుపోయారు, అందులో పైడమ్మ ఒకతి. బ్రేకర్ పడాలి. పడలేదు. సన్యాసయ్య పరిగెత్తాడు. పిడి పట్టుకు లాగాడు, రాలేదు. మళ్ళీ లాగాడు, రాలేదు. మూడోసారి రెండు చేతులతో వేలాడాడు. అప్పుడు పడింది. పడుతూనే లోపలి నూనె భగ్గుమంది.

ఆడవాళ్ళు ముగ్గురూ బతికారు. సన్యాసయ్య మూడో రోజుకి పోయాడు. పోయేముందు పైడమ్మతో ఒకే మాట అన్నాడు. "ఇప్పుడైనా విప్పమను."

ఆఫీసువాళ్ళు కాయితం రాశారు. 'అనుమతి లేకుండా బ్రేకరు ముట్టుకున్నాడు, తప్పు అతనిదే' అని. వాళ్ళ నోట్లో మన్నుపడ!

కొత్త బ్రేకర్ వచ్చింది. మళ్ళీ పూజ వచ్చింది. దాని తలుపుకి సన్యాసయ్య ఫొటో కట్టి, ఇంత లావు బంతిపూల దండ వేసి, "దేవుడులాంటి మనిషి" అంటూ మొదలెట్టాడు మేనేజరు. పైడమ్మ వచ్చింది. మోచేతుల దాకా కాలిన మచ్చలు. దండ తీసి పక్కన పెట్టింది. పీట మీది పానా తీసింది.

"అరిష్టం పైడమ్మా!" అని అరిచారందరూ.

"నాకింకా ఏటి అరిష్టం మిగిలిందయ్యా?" అంది. "దీన్ని విప్పండి. మూడుసార్లు పడాలి. అందాకా కాయ కొట్టనివ్వను."

ఆఖరికి గవరయ్య అనే ఫిట్టరు తల దించుకుని వచ్చి పానా అందుకున్నాడు. విప్పి చూస్తే ఏముంది? దారిలో కదలకూడదని తయారుచేసినవాళ్ళు బ్రేకర్ కీలులో పెట్టి పంపిన చెక్కముక్క అలాగే ఉంది. దాన్ని తీసినవాడే లేడు. ఏడాది పొడుగునా అది పడే బ్రేకరే కాదు! ఒక మనిషి కాలి చచ్చాక కూడా, తలుపు తీసి చూడలేదమ్మా ఒక్కడూ. దండ మాత్రం వేశారు.

గవరయ్య చెక్క పీకేసి, మూడుసార్లు పడేసి చూపించాడు. అప్పుడు కొట్టారు కాయ.

ఇప్పటికీ ఆ వైపు మిల్లుల్లో ఆయుధపూజ నాడు ముందు బ్రేకర్ విప్పుతారు. నూనె చూస్తారు, కీళ్ళు తుడుస్తారు, మూడుసార్లు పడేస్తారు. కాయ పట్టుకున్నవాడు అడుగుతాడు, "సన్యాసయ్య ఒప్పుకున్నాడా?" అని. "ఒప్పుకున్నాడు" అంటేనే కాయ కొడతారు.

బతికుండగా మూడేళ్ళు చేతులు కట్టుకుని అడిగితే ఆయన మాటకి ఒక్కడూ ఒప్పుకోలేదు. ఆఫీసులో ఆ కాయితం ఉందే, దాన్ని ఎవరూ చింపలేదు, కొట్టెయ్యలేదు. అందులో తప్పు ఇప్పటికీ సన్యాసయ్యదే.