మొగ్గలు విప్పిన తేనెపిట్ట

ఆఫ్రికా అనగానే ఎండలూ ఏనుగులే అనుకునేరు! అక్కడి పెద్ద కొండల మీద పొద్దుటిపూట దుప్పటి కప్పుకోనిదే బయటికి రాలేం. అలాంటి కొండ అడవిలో మిణుకు అనే తేనెపిట్ట ఒక ఎర్రపూల పొదకి కాపలా కాస్తున్నాడు. వాడి పెళ్ళాం తళుకు చలికి తాళలేక లోయలోకి దిగుతూ, “పొద పూయగానే వస్తా. కడుపునిండా తేనె ఉంటేనే ఇక్కడ గుడ్లు పెడతా” అని చెప్పి వెళ్ళింది.

నెలైంది. మొగ్గలొచ్చాయి గానీ విచ్చుకోలేదు. ఖాళీ గూడు కంటబడితే చాలు, మిణుకుకి ఏడుపొచ్చేది.

ఆ పొదలోనే ఉండే ఊసరవెల్లి మందపాదుడు అడుగులో అడుగేసుకుంటూ వచ్చాడు.

“ఏం అల్లుడూ, అంత బెంగ?”

“అది లేకపోతే పొద్దు గడవట్లేదు మామా. ఈ మొగ్గలు ఎప్పటికి విచ్చుకుంటాయో!”

“ముక్కుందిగా? నువ్వే విప్పెయ్. పొదంతా ఎర్రబడితే లోయలోకి కనబడుతుంది. పరుగున వచ్చి వాలుతుంది నీ పెళ్ళాం.”

“పచ్చి మొగ్గల్లో తేనె ఉంటుందా మామా?”

“అదొచ్చేసరికి ఊరుతుందిలే. ఆలస్యం అమృతం విషం!”

ఆత్రగాడికి బుద్ధి మట్టు. సాయంత్రానికల్లా ఒక్క మొగ్గ మిగలకుండా చీల్చేశాడు. రెండోరోజుకి రేకులు వాడిపోయి కుళ్ళాయి, ఈగలు ముసిరాయి. మందపాదుడు కూర్చున్నచోటే కూర్చుని, నాలుక చాపి ఒక్కొక్కటే లాగి మింగాడు. వాడికి కావలసింది అదే మరి!

మూడోరోజు తళుకు వచ్చింది. నిజంగానే మొదటిరోజు లోయలోంచి ఆ ఎరుపు చూసే బయల్దేరింది, పాపం. ఆకలి మీదుంది. వాడిన పువ్వొకదాంట్లో ముక్కు పెట్టింది, ఇంకోదాంట్లో పెట్టింది.

“ఇదేంటయ్యా, అన్నీ ఖాళీ?”

“నీకోసమే విప్పానే. త్వరగా వస్తావని.”

“నేనూ నిన్ను చూడాలనే ఉరుక్కుంటూ వచ్చాను. కానీ గుడ్లు పెట్టాల్సినదాన్ని, ప్రేమ తాగి బతకలేను కదా!”

“పది రోజులు ఆగవే, కొత్త మొగ్గలొస్తాయి.”

“ఆ ఆగేదేదో నువ్వే ఆగుంటే సరిపోయేది” అంది తళుకు, కళ్ళు తుడుచుకుంటూ.

అవతలి కొండ మీద పూలు అప్పుడే వాటంతటవే విచ్చుకుంటున్నాయి. తళుకు అటు ఎగిరిపోయింది. మిణుకు దాని వెంట వెళ్ళడానికి లేదు, అక్కడి పొదకి ఇంకో మగపిట్ట కాపలా. మిణుకు తన కొమ్మ మీదే కూర్చుని, దాని పేరు పెట్టి పిలుస్తూ ఉండిపోయాడు.

నీతి: ఎంత బెంగ ఉన్నా మొగ్గకి గడువివ్వాలి, చీలిస్తే పువ్వు కనబడుతుంది గానీ తేనె ఊరదు.